బ్రేకులో దాగిన గాలి

వాహనానికి వేగం అలంకారమైతే, ఆగడం ప్రాణరక్ష. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు దిగుతున్న బస్సు లోయలో కూలి 60 మందికి పైగా అసువులు బాసిన నాటినుండి కరీంనగర్ సీమలో ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఇంటిముందే కారు బ్రేకులు బాగుచేసుకొనేవారికి తరచు ఒక చిక్కు ఎదురవుతున్నది. క్రొత్త ప్యాడ్లు, క్రొత్త ఆయిలు పడినా పెడల్ మెత్తగా దిగిపోతూనే ఉంటుంది. విప్పుతారు, బిగిస్తారు, మళ్లీ అదే వరస.

దోషం చాలసార్లు గొట్టంలో చిక్కిన గాలిది. ద్రవం నొక్కుడుకు లొంగక కాలి ఒత్తిడిని చక్రానికి చేరవేస్తుంది. గాలి తానే కుంచించుకొని దానిని మ్రింగుతుంది. గొట్టం విప్పినప్పుడల్లా మరికొంత గాలి చొరబడుతుంది. అనగా మరమ్మతే రోగాన్ని పెంచుతున్నదన్నమాట! ఒక్కొక్క చక్రం వద్ద గాలి వెళ్లగొట్టి, పెడల్ గట్టిపడేదాకా బండి కదపరాదు. అప్పటికీ గట్టిపడకుంటే మెకానిక్కుకు అప్పగించడమే మేలు. నిర్మల్ దాపున మహబూబ్ ఘాటు దిగేటప్పుడు సందేహం తీర్చుకొనే వ్యవధి ఉండదు.