ఈ చికెన్ కోసిందెవరు?

“హలాల్ హై క్యా భాయ్?” అని అడిగితే మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో చైనీస్ బండి మనిషి కడాయి మీంచి తల ఎత్తకుండానే “హావ్” అంటాడు. అదే ప్రశ్న హైదరాబాదులో వేస్తే “హౌ” అని జవాబొస్తుంది. ఏ యాసలో చెప్పినా చికెన్ లాలీపాప్ ప్లేటు చేతికొస్తుంది, రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. కానీ ఆ “హావ్” అన్నవాడు కోడిని కోయలేదు, కోస్తుంటే చూడనూ లేదు. పొద్దున చికెన్ సెంటర్ నుంచి నాలుగు కిలోలు తెచ్చుకున్నాడంతే. తినేవాడు బండివాణ్ని నమ్మాడు, బండివాడు చికెన్ సెంటర్‌ని నమ్మాడు. ఇంటి బయట హలాల్ తిండి అంటే చాలావరకు ఈ నమ్మకాల వరసే. చేతులు మారేకొద్దీ అనుమానాలూ పెరుగుతాయి.

చంద్రపూర్ తెలుగువాళ్లకు కొత్త ఊరేం కాదు. మహాకాళి గుడికి చైత్రంలో తెలంగాణ నుంచి జనం కదిలిపోతారు. బొగ్గు గనుల్లో, బల్లార్‌పూర్ కాగితం మిల్లులో పనికోసం వెళ్లి అక్కడే ఇళ్లు కట్టుకున్న కుటుంబాలున్నాయి. పక్కనున్న రాజురా తాలూకా 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే, ఆదిలాబాద్ జిల్లాలో భాగం. అందుకే ఇక్కడి ముస్లిం ఇళ్లలో దక్కనీ, మరాఠీ, తెలుగు మూడూ కలిసి వినిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. సాయంత్రం బయట తినాలనుకుంటే మాత్రం అందరికీ మొదట గుర్తొచ్చేది వడాపావ్. దాంతో ఏ పేచీ లేదు. బంగాళాదుంప హలాలా అని ఎవరూ అడగరు కదా!

పేచీ మాంసంతోనే. ఖురాన్ నిషేధించినవాటిలో ముఖ్యమైనవి నాలుగే: తనంతట తాను చచ్చిన జంతువు, కారే రక్తం, పంది మాంసం, అల్లాహ్‌కు తప్ప మరొకరి పేరుమీద బలిచ్చింది. మత్తుపానీయాలది వేరే ఆజ్ఞ. కోత విషయంలో నియమం ఇంకాస్త వివరంగా ఉంటుంది. కోసేటప్పటికి జంతువుకి ప్రాణం ఉండాలి. కత్తి పదునుగా ఉండాలి, దాని కళ్లెదుట నూరకూడదు. “బిస్మిల్లాహి అల్లాహు అక్బర్” అంటూ గొంతు దగ్గర శ్వాసనాళం, అన్నవాహిక, రెండు పక్కల రక్తనాళాలు తెగేలా కోసి రక్తం కారిపోనివ్వాలి. మనదేశపు ముస్లిముల్లో ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయంలో ఈ నాలుగింటిలో కనీసం మూడు తెగాలంటారు. కోసేవాడు పేరు చెప్పడం మర్చిపోతే ఫర్వాలేదు. కావాలని మానేస్తే ఆ మాంసం పనికిరాదు. షాఫియీ సంప్రదాయం అంత పట్టుపట్టదు.

ఎవరు కోశారో తెలియని మాంసం సంగతేమిటన్న ప్రశ్న ఫాస్ట్‌ఫుడ్‌తో పుట్టింది కాదు. కొత్తగా మతంలోకి వచ్చినవాళ్లు మాంసం తెచ్చిస్తున్నారు, దేవుడి పేరు చెప్పారో లేదో తెలియదు, ఏం చేయాలని ప్రవక్త కాలంలోనే కొందరు అడిగారట. మీరు బిస్మిల్లా అనుకుని తినండి అన్నది ఆయన జవాబుగా హదీసుల్లో నమోదైంది. కొందరు దీన్ని పట్టుకుని మరీ తవ్వొద్దంటారు. ఇంకొందరు హలాల్‌కీ హరామ్‌కీ మధ్య ఉన్న అనుమానపు తిండిని, అంటే ‘మష్‌బూ’ను, దూరం పెట్టడమే మేలన్న మరో హదీసును చూపిస్తారు. ఒకే ఇంట్లో అన్న ఒక పక్షం, తమ్ముడు ఒక పక్షం కావడం మామూలే.

చికెన్ సెంటర్ దగ్గర ఈ గొడవ ఉండదు. అక్కడ అన్నీ కళ్లముందే. గంపలోంచి కోడిని తీసి తక్కెట్లో పడేస్తారు, కాంటా చూపిస్తారు. రెక్కలు వెనక్కి మడిచి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో గొంతు మీద కత్తి ఒక్కసారి లాగుతారు. పెదాలు కదిలీ కదలనట్టు ఉంటాయి. ఆ చప్పుడులేని మాట కోసమే కొందరు ఖాతాదార్లు అంగుళం దూరంలో నిలబడతారు. తర్వాత కోడి తలకిందులుగా నీలం ప్లాస్టిక్ డ్రమ్ములోకి వెళుతుంది. లోపల కాసేపు దబదబ కొట్టుకుని ఆగిపోతుంది. అప్పుడే పైకి తీయాలి. తొందరపడి, ప్రాణం పోకముందే వేడినీళ్లలో ముంచితే పెద్దవాళ్లు అరుస్తారు.

తెలంగాణ పల్లెల్లో ఈ పని ముల్లాది. యాటను కోసే రోజు ముల్లాసాబ్ వచ్చి హలాల్ చేసి, తన వంతు పట్టుకుపోవడం చాలా ఊళ్లలో హిందువుల ఇళ్లలోనూ చూసిందే. మాంసం అమ్మే ఆరెకటికలు హిందువులే, ఇంట్లో మరాఠీ కలిసిన మాట మాట్లాడేవాళ్లే. అయినా నలుగురూ కొనే దుకాణం కాబట్టి కోత హలాల్‌గా ఉండటం వ్యాపారానికి మంచిది. ఎవరికీ కాగితం అక్కర్లేదు. ముల్లా ముఖమే సర్టిఫికెట్టు.

ముఖం పోయి కాగితం వచ్చింది పెద్ద కంపెనీల రెస్టారెంట్లతోనే. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీ వసంత్ విహార్‌లో మొదటి దుకాణం తెరిచినప్పుడు మెనూలో బీఫ్ లేదు, పోర్కూ లేదు. శాకాహార వంటకీ మాంసాహార వంటకీ వేరు వేరు చోట్లు, వేరు పాత్రలు పెట్టారు. ఇది ముస్లిముల కోసం చేసింది కాదు. అందులో ఎక్కువ భాగం శాకాహారుల పట్టుదల ఫలితం. ఆ పట్టుదల ఎంత గట్టిదో 2001లో లోకానికి తెలిసింది. అమెరికాలో ఆ సంస్థ అమ్మే ఫ్రెంచ్ ఫ్రైస్‌లో బీఫ్ రుచి కలుస్తోందని సియాటిల్‌లో దావా పడింది, ముంబైలో దుకాణాల ముందు నిరసనలు జరిగాయి. భారత్‌లో అలాంటిదేమీ కలపడం లేదని ఇక్కడి సంస్థ చెప్పుకోవాల్సి వచ్చింది. అమెరికా కేసు మరుసటి ఏడాది కోటి డాలర్ల పరిష్కారంతో ముగిసింది. ఆవు ముట్టనివాళ్లు, ఏ మాంసమూ ముట్టనివాళ్లు కలిసి వంటగదిని కడిగిపెట్టేశాక ముస్లిం ఖాతాదారుకి మిగిలింది ఒకే ఒక్క ప్రశ్న: ఈ చికెన్ కోసిందెవరు?

ఆ ప్రశ్నని 2019 ఆగస్టులో ఎవరో ట్విటర్‌లో అడిగారు. మా రెస్టారెంట్లన్నింటికీ హలాల్ సర్టిఫికెట్లున్నాయి, కావాలంటే మేనేజర్ని అడిగి చూడొచ్చని మెక్‌డొనాల్డ్స్ ఇండియా జవాబిచ్చింది. అడిగినవాళ్లకి ఊరట, పక్కనుంచి చదివినవాళ్లకి కోపం. మాకు అక్కర్లేని పద్ధతిలో కోసిన మాంసం మాచేత ఎందుకు తినిపిస్తున్నారంటూ బహిష్కరణ పిలుపులు వచ్చాయి. ఆ అభ్యంతరం కేవలం రాజకీయమూ కాదు. అమృతం పుచ్చుకున్న సిక్కులకు ‘కుఠా’ మాంసం నిషిద్ధం, దాన్ని వాళ్లు హలాల్ కోతగానే అర్థం చేసుకుంటారు. ఒక్క వేటుకి తల తెగే ఝట్కాయే వాళ్లకి కావాలి. 2021 జనవరిలో దక్షిణ ఢిల్లీ నగరపాలక సంస్థ హోటళ్లు, దుకాణాలు తాము అమ్మేది హలాలో ఝట్కాయో బోర్డు పెట్టాలని తీర్మానం చేసింది.

కాగితం ఇచ్చేది ప్రభుత్వం కాదు. ఆహార భద్రతా సంస్థ లైసెన్సు ఇస్తుంది, శుభ్రత చూస్తుంది, హలాల్ జోలికి పోదు. జమియత్ ఉలమా-ఎ-హింద్ హలాల్ ట్రస్టు, చెన్నైలోని హలాల్ ఇండియా వంటి ప్రైవేటు సంస్థలు రుసుము తీసుకుని తనిఖీ చేసి ముద్ర వేస్తాయి. ఉత్తరప్రదేశ్ 2023 నవంబరులో హలాల్ ముద్ర ఉన్న సరుకుల తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. ఎగుమతులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. గల్ఫ్ కొనుగోలుదారు ముద్ర లేకుండా కొనడు మరి. మహారాష్ట్రలో 2025 మార్చిలో మంత్రి నితేశ్ రాణే హిందువులు నడిపే ఝట్కా దుకాణాల కోసం ‘మల్హార్’ సర్టిఫికెట్ ప్రారంభించారు. అలా కాగితానికి పోటీగా కాగితం వచ్చింది.

కాగితం వెనక కోళ్ల ఫ్యాక్టరీ ఉంది. ఈ కథలో ఒక తెలుగు పేరు రాకతప్పదు. బండా వాసుదేవరావు 1971లో హైదరాబాదులో మొదలుపెట్టిన వెంకటేశ్వర హ్యాచరీస్ తర్వాత పుణె కేంద్రంగా పెరిగి, ‘వెంకీస్’ పేరుతో ఇంటింటికీ తెలిసింది. బ్రాయిలర్ కోడి, దాని వెనకే గడ్డకట్టిన చికెన్ ముక్క మన వీధుల దాకా రావడంలో ఆయన పాత్ర పెద్దది. ఫ్యాక్టరీలో కోళ్లు గంపలో ఉండవు. కదిలే గొలుసుకి కాళ్లు తగిలించి తలకిందులుగా గంటకి వేలల్లో సాగిపోతుంటాయి. చాలా దేశాల్లో ముందు కరెంటు పారే నీళ్లలో తల ముంచి స్పృహ తప్పిస్తారు, తర్వాత తిరిగే బ్లేడు కోస్తుంది. ఇక్కడ బిస్మిల్లా ఎవరనాలి? మీట నొక్కినవాడు ఒక్కసారి అంటే చాలా, ఒక్కో కోడికీ ఒక్కోసారి అనాలా? స్పృహ తప్పించినప్పుడే కొన్ని చచ్చిపోతే? బ్రిటన్‌లో ఈ ప్రశ్నల మీద రెండు సంస్థలు రెండు దారుల్లో ఉన్నాయి. 1994లో పుట్టిన హలాల్ ఫుడ్ అథారిటీ షరతులతో ఒప్పుకుంటుంది. 2003లో వచ్చిన హలాల్ మానిటరింగ్ కమిటీ కరెంటూ వద్దు, యంత్రమూ వద్దు, చేత్తోనే కోయాలంటుంది. కాబట్టి గోడమీద ‘హలాల్’ అన్న అక్షరాలు చూసి ఊరుకోకుండా కింద ఏ సంస్థ సంతకముందో వెతికేవాళ్లున్నారు.

మరో భయం ఎముక దగ్గరి ఎరుపు. వేయించిన కాలు కొరికితే లోపల ఎర్రగా కనిపించి చాలామంది పక్కన పెట్టేస్తారు. బ్రాయిలర్‌ని ఐదారు వారాలకే కోస్తారు. ఎముక ఇంకా లేతగా ఉంటుంది, అందులోని మూలుగ రంగు వండేటప్పుడు బయటికి ఊరుతుంది. నిషేధం కారే రక్తానికే. కండలో, ఎముకలో మిగిలే తడికి కాదని ఉలేమాలు చెబుతారు.

చికెన్ దాటితే పజిల్ ఇంకో రకం. చీజ్ గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడే దేశాలున్నాయి. జెలటిన్ పంది తోలు నుంచి కూడా వస్తుంది. చిప్స్‌లో, నూడుల్స్ మసాలాలో రుచి పెంచే ఇ631ని మాంసం నుంచో చేపల నుంచో తీయొచ్చు. మనదేశంలో ఈ చిక్కులు చాలావరకు ప్యాకెట్ మీద శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క తీర్చేస్తుంది. పదార్థం మొక్క నుంచా జంతువు నుంచా అన్నది దాచకుండా చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబరులో ఆదేశించినప్పుడు చర్చకొచ్చింది ఈ ఇ631నే. కేసు వేసింది గోరక్షణ సంస్థ. లాభపడినవాళ్లలో నమాజు చదివేవాళ్లూ ఉన్నారు. అయితే ఆకుపచ్చ చుక్కకి ఒక కన్ను లేదు. అది సారాయిని చూడదు. రమ్ము పోసిన కేకులో గుడ్డు లేకపోతే అదీ ఆకుపచ్చే.

సారాయి మాటొస్తే చంద్రపూర్‌కి ప్రత్యేకమైన కథ ఉంది. 2015 ఏప్రిల్ 1 నుంచి ఈ జిల్లాలో మద్యనిషేధం అమలైంది, 2021 మే 27న మహారాష్ట్ర మంత్రివర్గం ఎత్తేసింది. మద్యం పోసే బల్ల దగ్గర కూర్చోవద్దన్నది కూడా ముస్లిం ఇళ్లలో గట్టిగా వినిపించే మాట. ఆ ఆరేళ్లూ చట్టం ప్రకారం ఊళ్లో ఏ హోటల్ బోర్డు మీదా ‘బార్’ అన్న మాట లేదు. దొంగ సారా సంగతి వేరు. నిషేధం ఎత్తేశాక ‘బార్ అండ్ రెస్టారెంట్’ మళ్లీ మొదలైంది. అక్కడి సావజీ మటన్ ఎంత ఘుమఘుమలాడినా పార్సిలే గతి అనుకునేవాళ్లు, పార్సిలూ వద్దనుకునేవాళ్లు ఉంటారు.

బర్గర్‌లో బీఫ్ మాట మహారాష్ట్రలో చట్టం తేల్చేసింది. 1995లో శాసనసభ ఆమోదించిన సవరణకి 2015లో రాష్ట్రపతి సంతకం పడ్డాక ఆవుతోపాటు ఎద్దు, కోడెల వధ కూడా ఆగిపోయింది. సీఖ్ కబాబ్ బండి మీద ‘బడే కా’ (పెద్ద జంతువు మాంసం) అంటే ఇప్పుడు గేదె జాతిదే.

సముద్రపు తిండి సులువనుకుంటే అక్కడా ముడి ఉంది. చేపకి కోత నియమమే లేదు. కానీ రొయ్య చేపా, పురుగా? 2018 జనవరిలో హైదరాబాదులోని జామియా నిజామియా రొయ్య చేప కాదు, తినకపోవడమే మంచిదని ఫత్వా ఇస్తే బిర్యానీ ప్రియులు గగ్గోలు పెట్టారు. షాఫియీలకి ఆ అభ్యంతరం లేదు. కొంకణ్ తీరపు ముస్లిములు, హైదరాబాదు బార్కస్‌లోని అరబ్బు సంతతివాళ్లు హాయిగా తింటారు.

అమెరికా వెళ్లిన హైదరాబాదీ కుర్రవాడికి మొదటి వారంలోనే చేప దిక్కవుతుంది. అక్కడి మెక్‌డొనాల్డ్స్‌లో ఫిలే-ఓ-ఫిష్ చాలామంది ముస్లిములకి ఆపద్బంధువు. దాన్ని 1962లో సిన్సినాటిలో లూ గ్రోన్ అనే దుకాణదారు కనిపెట్టింది మాత్రం శుక్రవారం మాంసం మానేసే క్యాథలిక్కుల కోసం. న్యూయార్కులో 1990లో హాట్‌డాగ్ బండిగా మొదలైన ‘హలాల్ గైస్’ టాక్సీలు నడిపే ముస్లిముల ఆకలి చూసి చికెన్, అన్నానికి మారింది, తర్వాత దేశదేశాల్లో దుకాణాలు తెరిచింది.

చంద్రపూర్‌లో ఇప్పుడు ఫోన్లో ఆర్డరిచ్చే కాలం వచ్చింది. యాప్‌లో బొమ్మ ఉంటుంది, ధర ఉంటుంది, తలూపి “హావ్” అనే మనిషి ఉండడు. డెలివరీ కుర్రాణ్ని అడిగితే వాడేం చెబుతాడు పాపం! అందుకని పట్టింపున్నవాళ్లు ముందు హోటల్‌కే ఫోన్ చేస్తారు. “భాయ్, చికెన్ ఎక్కడిది?” ఫలానా చౌక్‌లో ఫలానా సెంటర్‌ది అని అవతలి గొంతు చెబితే బిర్యానీ ఖాయం. “కంపెనీ మాల్” అంటే, ఆ పూటకి పనీర్.