జేబులో పిస్టల్.. ఈ జాగ్రత్తలు తప్పనిసరి

అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, షాపుల్లో రాత్రి డ్యూటీ చేసే మనవాళ్లు కొందరు ఆత్మరక్షణకు పిస్టల్ ఉంటే మంచిదనుకుంటారు. ముందు వీసా చూసుకోవాలి. హెచ్‌1బీ, ఎఫ్‌1 వీసాలవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్నే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి అర్హత ఉన్నవారికి పర్మిట్ అక్కర్లేదు. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి.

ఇక జేబు సంగతి. చిన్న పిస్టలే కదా అని ఊరికే జేబులో వేసుకోవద్దు. తాళంచెవో, పెన్నో ట్రిగ్గర్‌కు తగిలితే పేలొచ్చు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి పాకెట్ హోల్‌స్టర్ ఉండాలి. పిస్టల్ తీస్తే హోల్‌స్టర్ జేబులోనే ఆగాలి. ఆ జేబులో ఇంకేమీ పెట్టకూడదు. వెనక జేబు అసలే వద్దు, కూర్చుంటే జారిపోతుంది. లోతైన ముందు జేబే నయం. అయితే కారు సీట్లో కూర్చుని దాన్ని తీయడం కష్టమన్నది గుర్తుంచుకోవాలి.

అసలు ప్రమాదం ఇంట్లో. డ్యూటీ నుంచి వచ్చి ప్యాంటు కొక్కేనికి తగిలిస్తే, ఆ జేబు పిల్లల చేతికి అందుతుంది. అందుకే గుమ్మం దాటగానే పిస్టల్ తాళం వేసిన పెట్టెలోకి వెళ్లాలి. ఆ తర్వాతే మిగతా పనులు.