గుడ్డులో పడే వెలుగు

విడపనకల్లు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పప్పుశనగ నూర్చిన కళ్ళంలోకి తల్లికోడి పిల్లల్ని తోలుకొస్తుంది. అవి మట్టిబెడ్డల మధ్య గింజలు ఏరుకుంటూనే మధ్యమధ్యలో తల వంచి ఒంటికన్నుతో ఆకాశంలోకి చూస్తాయి. అంత చిన్న తలకాయ గింజనూ గద్దనూ ఒకేసారి ఎలా కనిపెడుతుందండీ?"

ఇంత మంచి ప్రశ్న వస్తే ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను. దీనికి జవాబు పిల్ల గుడ్డులో ఉండగానే మొదలవుతుంది.

ముందు రెండు ముక్కల్లో అసలు సంగతి. మనిషి కంటినరంలో సుమారు సగం పోగులే అవతలి పక్కకు దాటుతాయి. పక్షిలో దాదాపు అన్నీ దాటుతాయి. అంటే కుడికన్ను చూసింది ఎడమ మెదడుకు, ఎడమకన్ను చూసింది కుడి మెదడుకు చేరుతుంది. అక్కడి నుంచి చూపుకు రెండు దారులు. ఒకటి నడిమెదడులోని టెక్టమ్ మీదుగా పోతుంది. రెండోది థాలమస్ అనే భాగం మీదుగా ముందుమెదడు పైభాగాన ఉబ్బెత్తుగా ఉండే 'వల్‌స్ట్' చేరుతుంది. మన కథ ఈ రెండో దారిది.

పొదగేసిన 21 రోజుల్లో చివరి మూడు రోజులు చాలా ముఖ్యం. అప్పటికి గుడ్డులో చోటు చాలక పిల్ల తలను కుడిరెక్క కిందికి దోపుకుని ముడుచుకుంటుంది. ఎడమకన్ను సొంత ఒంటికే ఆనుకుని మూసుకుపోతుంది. కుడికన్ను పెంకు వైపు ఉంటుంది. పెంకులోంచి వెలుగు దూరుతుంది కదా, అది కుడికంటికే అందుతుంది. ఆ వెలుగుకే మెదడులో తీగలు మారిపోతాయి! కుడికంటి సమాచారం అందుకునే ఎడమ థాలమస్, తన పక్క వల్‌స్ట్‌కే కాక అవతలి వల్‌స్ట్‌కు కూడా పోగులు పంపుతుంది. కుడి థాలమస్ అవతలికి పంపేవి అంతకంటే తక్కువ. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ 1982లో ఈ వెలుగు ప్రభావాన్ని ప్రకటించారు. రెండు గంటల వెలుగు చాలని ఆమె ప్రయోగాల్లో తేలింది. ఇది నిజంగా వెలుగు పనేనా? పిల్ల తలను గుడ్డులోంచి మెల్లగా బయటికి తీసి, కుడికన్ను కప్పి ఎడమకంటికి వెలుగు చూపించారామె. ఎడమ కుడి తారుమారయ్యాయి. ఇంతకంటే అందమైన రుజువు నేను చదవలేదు.

ఈ సంగతి ఇంత ఆలస్యంగా తెలియడానికి ఒక పెద్దాయన పొరపాటు కూడా కారణమని నా అభిప్రాయం. పక్షి ముందుమెదడంతా దాదాపు 'స్ట్రయేటమ్' అనీ, సహజాత చేష్టలకే తప్ప ఆలోచనకు పనికిరాదనీ జర్మన్ శాస్త్రజ్ఞుడు లుడ్విగ్ ఎడింగర్ వందేళ్ళ కిందట తేల్చేశాడు. వల్‌స్ట్ భాగాలకు కూడా 'హైపర్‌స్ట్రయేటమ్' అన్న పేరు అంటుకుంది. 1960ల నుంచి హార్వీ కార్టెన్ అనే శాస్త్రవేత్త పోగు పోగునా దారులు పట్టి చూసి, ఇవి మన మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు దీటైన పని చేస్తాయని చూపించాడు. అయినా పాత పేర్లు అధికారికంగా పోవడానికి 2004 దాకా పట్టింది.

అదే 2004లో రోజర్స్, ఇటలీకి చెందిన జూకా, వలోర్తిగారా కలిసి చేసిన ప్రయోగం అచ్చంగా మన కళ్ళంలో జరిగేదే. నేల మీద గులకరాళ్ళ మధ్య గింజలు, నెత్తి మీద కదిలే గద్ద బొమ్మ. గుడ్డులో వెలుగు చూసిన పిల్లలు రాయికీ గింజకూ తేడా పట్టాయి, గద్దనూ గమనించాయి. చీకట్లో పొదిగినవి గద్దను సరిగా కనిపెట్టలేదు, పైగా పోనుపోను రాళ్ళనే పొడిచాయి. గద్ద బొమ్మ తీసేస్తే మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. గింజ ఏరే పని కుడికన్నుది, ఎడమ మెదడుది. కాపలా ఎడమకన్నుది, కుడి మెదడుది. పనులు అలా పంచుకున్న తలకే రెండూ ఒకేసారి సాగుతాయి. తీగల్లోని ఈ తేడా మాత్రం పిల్ల పుట్టిన మూడు వారాలకల్లా తగ్గిపోతుంది. గద్దకు తేలిగ్గా దొరికే వయసూ ఆ మొదటి మూడు వారాలే.

ఉపయోగమేమిటంటారా? తల్లికోడి మేతకు లేచినప్పుడల్లా గుడ్ల మీద వెలుగు పడుతుంది. హేచరీ ఇంక్యుబేటర్లు మామూలుగా చీకటి పెట్టెలే. ఫారం షెడ్డులోకి గద్ద రాదు కాబట్టి అక్కడ ఆ బెడద లేదు. కానీ వనరాజా, గ్రామప్రియ వంటి కోడి రకాలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థ తయారుచేసిందే పల్లె పెరళ్ళ కోసం. అలాంటి పిల్లల్ని పొదిగించే హేచరీలు చివరి మూడు రోజులూ ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం వెలిగించి, గద్దలపాలయ్యేవి తగ్గుతాయేమో లెక్క రాసి చూడాలి. దీపానికయ్యే కరెంటు ఖర్చు ఒక్క పిల్ల ధర కూడా ఉండదు.