జపనీస్ మేపుల్.. జూబ్లీహిల్స్‌లో పెరుగుతుందా? కొనే ముందు ఇవి తెలుసుకోండి
ఫారిన్ లొకేషన్ పాటల్లో మెరిసే ఎర్రాకుల చెట్టు జపనీస్ మేపుల్. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఇళ్లలో పెంచొచ్చా? కష్టమే!

ఈ చెట్టు చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోవాలి. అందుకు వారాల తరబడి గట్టి చలి కావాలి. హైదరాబాద్‌లో అంత చలి ఉండదు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటితే ఆకుల అంచులు మాడిపోతాయి. పైగా ఇక్కడ రాతి నేల.

అయినా ట్రై చేస్తామంటే కుండీలోనే పెట్టండి. ఉదయపు ఎండ చాలు, మధ్యాహ్నం నీడ తప్పనిసరి. మట్టి ఎండిపోకూడదు, నీళ్లు నిలవకూడదు.

ఆన్‌లైన్‌లో 'బ్లూ మేపుల్' విత్తనాలంటే అస్సలు కొనొద్దు. నీలం ఆకుల మేపుల్ అనేదే లేదు.

ఎరుపే కావాలా? జాగా ఉంటే మన నాటు బాదం వేయండి. రాలే ముందు దాని ఆకులూ ఎర్రబడతాయి. మన ఎండలనూ తట్టుకుంటుంది.