నాయన బండికి కొత్త దీపాలు

కోలారు నుంచి చిక్కబళ్ళాపురం పోయే దారిలో మా ఊరు వేమగల్. బెంగుళూరులో స్థిరపడి ఎన్నాళ్ళయినా పండుగకు ఊరు వెళ్ళకుండా ఉండలేను. వెళ్ళినప్పుడల్లా మా నాయన వాడిన యమహా ఆర్.ఎక్స్.100 బండిని తుడిచి పెట్టడం నాకు అలవాటు. 1996లోనే తయారీ ఆగిపోయిన ఆ బండిని ఇప్పుడు మా అక్క కొడుకు నడుపుతున్నాడు.

పక్కనే నరసాపురలో హోండా వారు 2013 నుంచి బళ్ళు తయారు చేస్తున్నారు. దారి నిండా కొత్త బళ్ళు, కళ్ళు చెదిరే దీపాలు. "మామా, మన ఇండికేటర్లు పగలు కనపడనే కనపడవు. ఎల్.ఇ.డి. వేద్దాం" అన్నాడు మావాడు. నాలుగు బల్బులు కొని తెచ్చి బిగించాను. వెలిగాయి గాని టపటపా కొట్టుకోసాగాయి. అంగడాయన ఫ్లాషరు కూడా మార్చమన్నాడు. మార్చాను. కుడి పక్కన నిలబడి చూస్తే చక్కగా మిణుకుమంటోంది. పని అయిపోయిందనుకున్నాను.

ఆ రాత్రి మావాడు కోలారు నుంచి వస్తూ, మా వీధిలోకి తిరగడానికి కుడి ఇండికేటరు వేశాడు. వెనక టమోటా బండి వస్తోంది. అదేమో కుడి పక్కనుంచే దాటబోయింది. చెయ్యెడు దూరంలో తప్పింది. "నాలుగూ కొట్టుకుంటా ఉంటే నిలబెట్టినావనుకుంటినప్పా!" అన్నాడట ఆ డ్రైవరు. ఆ పూట అక్క నాతో మాట్లాడలేదు.

1902లోనే శివనసముద్రం నుంచి బంగారు గనులకు కరెంటు తెప్పించిన జిల్లా మాది. అలాంటి జిల్లావాణ్ణి నాలుగు తీగల దగ్గర బోల్తా పడ్డాను! మర్నాడు కూర్చుని ఒక్కొక్క తీగా వెతికితే సంగతి తెలిసింది.

పాత బల్బు ఒక్కొక్కటి 10 వాట్లు. ఒక వైపు రెండూ కలిపి 20 వాట్లు, అంటే 12 వోల్టుల మీద సుమారు 1.7 ఆంపియర్లు. పాత ఫ్లాషరు ఆ బరువుకు తగ్గట్టు చేసింది. ఎల్.ఇ.డి. ఒక వాటు తింటే ఎక్కువ. బరువు తగ్గేసరికి ఫ్లాషరు పరుగెత్తడమో, అసలు కొట్టుకోకపోవడమో జరుగుతుంది. ఎల్.ఇ.డి. కోసమే చేసిన ఫ్లాషరు వేస్తే ఆ చిక్కు తీరుతుంది. నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలన్నది నిబంధన.

అసలు చిక్కు మీటరు దగ్గరి చిన్న దీపంలో ఉంది. రెండు వైపులకూ కలిపి ఒకటే దీపం ఉన్న బళ్ళలో దాని ఒక కాలు కుడి తీగకూ, రెండో కాలు ఎడమ తీగకూ తగిలించి ఉంటుంది. కుడి వేస్తే కరెంటు ఆ దీపం గుండా పోయి, ఎడమ బల్బుల్లోంచి ఎర్త్ చేరుతుంది. ఆ కొద్దిపాటి కరెంటుకు పాత బల్బు వెలగదు. ఎల్.ఇ.డి.కి మాత్రం అదే చాలు. అందుకే నాలుగూ వెలిగాయి!

దీనికి మందు రెండు డయోడ్లు. 1ఎన్4007 రకం, కొద్ది రూపాయలకే దొరుకుతాయి. కుడి తీగనుంచి ఒకటి, ఎడమ తీగనుంచి ఒకటి తెచ్చి, తెల్ల గీత ఉన్న కొసలు రెండూ దీపం ఒక కాలికి కలపాలి. దీపం రెండో కాలు బాడీ ఎర్త్‌కు ఇవ్వాలి. ఇక ఒక వైపు కరెంటు మరో వైపుకు పోదు.

ఇంట్లో పాత బండి ఉన్నవారు ఇంకొన్ని గుర్తుంచుకోవాలి. పనికి ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపుతుంది, 12కు దిగితే నీరసించినట్టే. ఇంజను నడుస్తుండగా 14 దరిదాపుల్లో ఉండాలి. 15 దాటితే రెగ్యులేటరును అనుమానించండి, లేకపోతే కొత్త బల్బులు మాడిపోతాయి. దీపం మసకగా ఉంటే బల్బును తిట్టేముందు ఎర్త్ చూడండి. తుప్పు, రంగు అడ్డుపడితే కరెంటుకు తిరుగుదారి ఉండదు. గరుకు కాగితంతో రుద్దితే సగం జబ్బులు నయమవుతాయి. మైసూరులో తయారైన పాత జావాలవి 6 వోల్టులే, వాటికి 12 వోల్టుల బల్బులు పనికిరావు.

అన్నిటికన్నా ముఖ్యం, పని ముగిశాక బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఇండికేటరు మనకోసం పెట్టుకున్న సింగారం కాదు, వెనక వచ్చేవాడికి మనం చెప్పే మాట. మాట తప్పుగా చెప్పడం కన్నా చెప్పకపోవడమే నయం.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు మావాడు బండి తీశాడు. కుడి వేశాడు, కుడి రెండే వెలిగాయి. ఎడమ వేశాడు, ఎడమవే. గడపలో నిలబడిన అక్క అంతా చూసి, "సరే, పోయిరా నాయనా" అంది.