నొప్పి వేళ్లలో... జబ్బు ఒళ్లంతా!

కీళ్లవాతం అనగానే ముసలితనం, మోకాళ్లు గుర్తొస్తాయి. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ తీరు వేరు. నడివయసులోనే మొదలై గుండె, ఊపిరితిత్తులు, కళ్ల దాకా పాకుతుంది. బొగ్గు, బీడీ, గ్రానైట్ మీద బతుకుతున్న ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు దీని గురించి ఇంకాస్త ఎక్కువే తెలుసుకోవాలి.

బీడీ చుట్టడంలో పనంతా వేళ్లదే. తడిపిన తునికాకును కొలత ప్రకారం కత్తిరించాలి. చిటికెడు తంబాకు పరిచి, బిగించి చుట్టాలి. అంచు మడిచి దారం కట్టాలి. కూలి లెక్కగట్టేది వెయ్యి బీడీలకు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఎన్నో ఇళ్లలో ఆడవాళ్ల బతుకుదెరువు ఇదే. అలాంటి చేతికి ఒకరోజు పొద్దున్నే పిడికిలి పడదు. 'పని ఎక్కువైంది, అదే తగ్గుతదిలే' అనుకుంటారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారు. నొప్పి పోతుంది, మళ్లీ వస్తుంది. అలా నెలలు దొర్లిపోతాయి. కీళ్లకు పూడ్చలేని నష్టం మొదలయ్యేది సరిగ్గా ఆ నెలల్లోనే.

పని అలుపు కాదు

కీలు అరిగితే వచ్చే నొప్పి పనిచేసేకొద్దీ పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే నెమ్మదిస్తుంది. రుమటాయిడ్ దీనికి తలకిందులు. రాత్రంతా విశ్రాంతి తీసుకున్నాకే కీళ్లు బిగుసుకుపోతాయి. లేచాక అరగంట, గంట దాటితేగానీ వేళ్లు మాట వినవు. కుడిచేతికొస్తే ఎడమచేతికీ వస్తుంది. మణికట్లు, పిడికిలి బిగిస్తే ఉబ్బెత్తుగా కనిపించే కణుపులు, వేళ్ల మధ్య కణుపులు వాస్తాయి. గోళ్ల దగ్గరి కణుపులను మాత్రం సాధారణంగా వదిలేస్తుంది. ఎవరైనా చెయ్యి కలిపి గట్టిగా నొక్కితే ప్రాణం విలవిల్లాడుతుంది. చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి వేధించే నొప్పులూ ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అందుకే ఊహతో తేల్చకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పలుచటి పొర మీద దాడికి దిగడం ఈ జబ్బు మూలం. పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థిని, ఎముకను కొరికేస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఊపిరితిత్తుల్లో పడే పునాది

ఈ దాడి కీళ్లలోనే మొదలవుతుందని చెప్పలేం. పొగ, ధూళి పదేపదే తగిలిన ఊపిరితిత్తుల్లో కొన్ని ప్రొటీన్ల రూపు మారుతుంది. శరీరం వాటిని పరాయివిగా లెక్కగట్టి యాంటీబాడీలను తయారుచేస్తుంది. 'యాంటీ-సీసీపీ' పరీక్షలో బయటపడేవి ఇవే. కీలు నొప్పెట్టడానికి ఏళ్ల ముందే ఇవి రక్తంలో ఉండొచ్చు. జన్యువులను మార్చుకోలేం. మన చేతిలో ఉన్న కారణాల్లో అన్నిటికన్నా పెద్దది పొగ తాగడం. రాతి ధూళిలో ఉండే సిలికా కూడా ముప్పు పెంచుతుందని పరిశోధనలు తేల్చాయి. బీడీ చుట్టడం వల్లే ఈ జబ్బు వస్తుందనలేం. బీడీ తాగడం గురించి మాత్రం సందేహం అక్కర్లేదు.

బొగ్గుబాయిల సంగతి 1953లోనే వెలుగులోకొచ్చింది. బ్రిటన్‌లోని వేల్స్ గని కార్మికుల ఛాతీ ఎక్స్‌రేలు చూస్తున్న ఆంథొనీ కాప్లాన్ అనే వైద్యుడికి, కీళ్లవాతం ఉన్న కొందరి ఊపిరితిత్తుల్లో గుండ్రటి మచ్చలు కనిపించాయి. కొందరిలో కీళ్ల నొప్పులకంటే ముందే ఇవి తేలతాయి. దీన్నే ఇప్పుడు కాప్లాన్ సిండ్రోమ్ అంటున్నారు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గుబాయిల్లో, కరీంనగర్ చుట్టూ ఉన్న గ్రానైట్ క్వారీల్లో పనిచేసినవాళ్లకు ఆ ఎక్స్‌రేలు పరాయి దేశం కబురు కావు.

ఎక్కడెక్కడికి పాకుతుంది?

గుండె: ఏళ్ల తరబడి రగిలే వాపు రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఊపిరితిత్తులు: పొరల్లో నీరు చేరడం, కణజాలం గట్టిపడటం. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం వీటి జాడలు.

కళ్లు, నోరు: తడారిపోయి మంట పుడుతుంది. కంటి తెల్లగుడ్డు ఎర్రబడి నొప్పి చేస్తే అత్యవసరంగా చూపించుకోవాలి.

రక్తం: ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత. ఎప్పుడూ ఒంట్లో ఓపిక లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఎముకలు, నరాలు: ఎముకలు గుల్లబారతాయి. మణికట్టు దగ్గర నరం నలిగి చేతులు తిమ్మిరెక్కుతాయి. జబ్బు ముదిరితే మెడ పైభాగంలోని ఎముకలు పట్టు తప్పి వెన్నుపాముకే ప్రమాదం రావొచ్చు.

మనసు: తీరని నొప్పి, పట్టని నిద్ర, తగ్గిన సంపాదన కలిసి కుంగుబాటుకు దారితీస్తాయి.

సుబ్బారావు ల్యాబ్ నుంచి

రుమటాయిడ్‌కు ఇప్పటికీ మొదటి వరస మందు మెథోట్రెక్సేట్. దాని వెనక ఒక తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ మందుల కంపెనీ బృందం అమెరికాలో 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దాన్ని అడ్డుకునే మందులనూ రూపొందించింది. అవి మొదట చిన్నపిల్లల రక్తక్యాన్సర్ కోసం. 1948లో ఆయన కన్నుమూశారు. 1951లో ఆ కోవలోని అమినోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు. 1988లో అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు ఆమోదించింది. ఇవాళ రోగి చీటీలో మెథోట్రెక్సేట్, దాని దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ రెండూ ఉంటాయి. రెండూ ఆ ల్యాబ్ బిడ్డలే.

మెథోట్రెక్సేట్ వేసుకోవాల్సింది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగితే ప్రాణాల మీదికొస్తుంది. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పి ఆపేయాలి. కాలేయం, రక్తకణాల పరీక్షలు మధ్యమధ్య తప్పవు. ఇది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఓపిక పట్టలేక స్టెరాయిడ్ సూదుల వెంటపడితే మొహం ఉబ్బడం, షుగర్, ఎముకల గుల్లదనం మిగులుతాయి. నొప్పి బిళ్లలు అతిగా వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీల ముప్పు. పైగా ఆ బిళ్లలు నొప్పిని అణచగలవేగానీ, కీలు కరిగిపోవడాన్ని ఆపలేవు.

పని గురించీ చెప్పండి

ఒకప్పుడు కీళ్ల డాక్టరంటే హైదరాబాద్ నిమ్స్‌కు బస్సెక్కాల్సిందే. రుమటాలజిస్టులు జిల్లాల్లో ఇప్పటికీ తక్కువే. అయితే తొలి పరీక్షలకు అంత దూరం పోనక్కర్లేదు. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. చిన్న కీళ్లలో వాపు ఆరు వారాలు దాటితే ఈఎస్ఆర్, సీఆర్పీ, ఆర్ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్), యాంటీ-సీసీపీ రక్తపరీక్షలు చేయించుకోవాలి. ఆర్ఎఫ్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు వేళ్లు చూపించి ఊరుకోకండి. బాయిలో ఎన్నేళ్లు దిగారో, క్వారీలో రాయి కోశారో, రోజుకు ఎన్ని బీడీలు తాగుతారో, దగ్గు ఎప్పటినుంచి ఉందో చెప్పండి. డాక్టరు అడగకపోయినా సరే, చెప్పండి. ఒళ్లంతా పాకే జబ్బుకు వేళ్ల వరకే వైద్యం చేస్తే సరిపోదు.