ఒకరి పొరపాటు అందరికీ ఆటంకం కాకుండా: యూనిక్స్‌లో వనరుల హద్దులు

మీ ప్రయోగశాలలో ఒకే లినక్స్ సర్వర్ మీద నలభై మంది పరీక్ష రాస్తున్నారనుకోండి. ఒకరి సి ప్రోగ్రాంలో ‘ఫోర్క్’ అంతులేని లూప్‌లో పడింది. ఫోర్క్ అంటే ఒక ప్రాసెస్ తన నకలును తానే సృష్టించుకోవడం. ఒకటి రెండై, రెండు నాలుగై, 15 విడతల్లో 32,768 అవుతాయి. తప్పు ఒకరిదే అయినా పరీక్ష నలభై మందికీ ఆగుతుంది. దీన్ని ఎలా నివారించాలి?

చెరువు కింద ప్రతి రైతుకూ నీటి వంతు ఉన్నట్టే, యూనిక్స్‌లో వనరుల వాడకానికి హద్దులు పెట్టవచ్చు. ఇందుకు వాడే ‘సెట్ఆర్‌లిమిట్’ 1983 నాటి 4.2 బీఎస్‌డీలో వచ్చింది.

హద్దులు రెండు రకాలు. ప్రస్తుతం అమలులో ఉండేది సాఫ్ట్ హద్దు. దాన్ని యూజర్ తానే హార్డ్ హద్దు వరకు పెంచుకోవచ్చు. హార్డ్ హద్దును తగ్గించుకోగలడు కాని, పెంచలేడు. ఆ అధికారం రూట్‌దే. బాష్ షెల్‌లో ‘యులిమిట్’ ఆదేశంతో వీటిని చూడవచ్చు, మార్చవచ్చు. అయితే జాగ్రత్త! సాఫ్ట్ అని ప్రత్యేకంగా చెప్పకుండా విలువ ఇస్తే రెండు హద్దులూ మారతాయి.

ఈ మార్పు ఆ షెల్‌కూ, దానినుంచి పుట్టే ప్రాసెస్‌లకూ మాత్రమే వర్తిస్తుంది. శాశ్వతంగా ఉండాలంటే, చాలా లినక్స్‌లలో నిర్వాహకుడు ‘లిమిట్స్ డాట్ కాన్ఫ్’ ఫైలులో ఒక వరుస రాయాలి. అందులో నాలుగు భాగాలు: ఎవరికి, ఏ రకం, ఏ వనరు, ఎంత. ఉదాహరణకు విద్యార్థుల గ్రూపుకు, హార్డ్, ‘ఎన్‌ప్రాక్’, 200. ఈ ఫైలును లాగిన్ సమయంలోనే చదువుతారు. కాబట్టి మళ్లీ లాగిన్ అయితేనే కొత్త హద్దు వస్తుంది. ఇక 200 దాటబోయే ఫోర్క్ విఫలమవుతుంది. మిగిలినవారి పని సాగుతుంది. థ్రెడ్‌లూ ఈ లెక్కలోకే వస్తాయి కనుక మరీ తక్కువ సంఖ్య ఇవ్వరాదు.

ఒక తేడా గుర్తుంచుకోండి. ప్రాసెస్‌ల హద్దు యూజర్ మొత్తానికి వర్తిస్తుంది. తెరిచిన ఫైళ్ల హద్దు మాత్రం ఒక్కొక్క ప్రాసెస్‌కు విడివిడిగా వర్తిస్తుంది. అది 1,024 అయితే, పది ప్రాసెస్‌లు కలిసి 10,240 వరకు తెరవగలవు. యూజర్ మొత్తం జ్ఞాపకశక్తికి హద్దు కావాలంటే, లినక్స్‌లో 2008లో చేరిన ‘సీగ్రూప్’ పద్ధతి ఉంది.

మీ షెల్‌లో రెండు హద్దులూ చూసి రాసుకోండి. సాఫ్ట్ హద్దును తగ్గించి, మళ్లీ పెంచి చూడండి. హార్డ్ హద్దుతో అదే చేయబోతే ఏం జరుగుతుందో, ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు.